పుష్యంలో ఆరు పిల్లలు, ఉగాదికి ఒకటి

మన దేశంలో ఊళ్లలో స్వేచ్ఛగా తిరిగే కుక్కలు ఎక్కువగా వానలు తగ్గాక, కార్తీకం అటూ ఇటూగా జతకడతాయి. కుక్క మోసేది సుమారు 63 రోజులు. ఆ లెక్కన పుష్యమాసపు చలిలో, గడ్డిమేటు చాటునో పశువులశాల మూలనో, ఐదారు పిల్లలు కళ్లు తెరవకుండానే లోకంలోకి వస్తాయి. ఉగాది వచ్చేసరికి చాలాచోట్ల వాటిలో ఒకటో రెండో మిగులుతాయి. తల్లి ఒకటే, పాలు ఒకటే, పడుకునే చోటూ ఒకటే. అయినా ఒకటి బతికి ఐదు ఎందుకు పోతాయి?

పార్వతీపురం మన్యం జిల్లా పాచిపెంట మండలం కుక్కల అవసరం బాగా తెలిసిన ప్రాంతం. సాలూరు దాటాక ఒడిశాలోని సుంకి, కోరాపుట్ వైపు ఘాట్ ఎక్కే జాతీయ రహదారి ఈ మండలం మీదుగానే పోతుంది. ఆ రోడ్డుకు ఇరువైపులా కొండల్లో కొండదొరలు, జాతాపులు, గదబల గూడేలున్నాయి. పోడు చేలో చోళ్లు, సామలు కంకి పట్టే వేళ అడవిపందిని తరమడానికి, రాత్రిపూట మేకల దొడ్డి దగ్గర అలికిడి పసిగట్టడానికి, జీడితోటకు వెళ్లే దారిలో ఎలుగుబంటిని మనిషి కంటే ముందు పోల్చుకోవడానికి కుక్క కావాలి. జీతం అడగని కాపలా అది. అయితే దానికి తిరిగి అందేది చాలా ఇళ్లలో మిగిలిన గంజి మాత్రమే.

విజ్ఞాన పరిశోధన సంస్థ ఐఐఎస్‌ఈఆర్ కోల్‌కతా పరిశోధకులు పశ్చిమ బెంగాల్‌లో 364 ఊరకుక్క పిల్లలను పుట్టుక నుంచి గమనించి 2016లో ఒక పరిశోధన ప్రకటించారు. ఏడో నెల దాకా బతికినవి నూటికి 19 మాత్రమే. అంతకంటే ఆలోచించాల్సిన మాట ఇంకొకటి ఉంది. చావుల్లో సగానికి పైగా మనిషి చేతల వల్ల జరిగినవే. పెంచే చేయి మారితే ఈ లెక్క కూడా మారుతుందన్నమాట. కుక్కను బాధ్యతగా పెంచడానికి చెప్పే నియమాలు వినడానికి చాదస్తంగా ఉండవచ్చు. ప్రతి నియమం వెనకా కుక్క శరీరంలో ఒక కారణం ఉంటుంది. ఆ కారణం తెలిస్తే నియమాన్ని బట్టీ పట్టనక్కర్లేదు.

అప్పు తెచ్చుకున్న కాపలా

పిల్ల పుట్టిన తొలిరోజు తాగే ముర్రుపాలలో తల్లి రక్తంలోని రక్షక పదార్థాలు ఉంటాయి. వీటిని ప్రతిరక్షకాలంటారు. పుట్టిన ఒక్క రోజు మాత్రమే పిల్ల పేగు వీటిని చెక్కుచెదరకుండా రక్తంలోకి రానిస్తుంది. ఆ తర్వాత ఆ తలుపు మూసుకుపోతుంది. ఇవి పిల్ల సొంతంగా సంపాదించినవి కావు, తల్లి దగ్గర తెచ్చుకున్న అప్పు. గాదెలో పోసిన గింజల్లా రోజురోజుకూ తరిగిపోతాయి. ఆరో వారం నుంచి పదహారో వారం మధ్య, ఒక్కో పిల్లకు ఒక్కో రోజున, గాదె అడుగంటుతుంది.

చాలామందిని తికమకపెట్టే సంగతి ఇక్కడే ఉంది. “ఒక టీకా వేయించాం, అయినా పిల్ల నెత్తుటి విరేచనాలతో చచ్చిపోయింది, టీకా దండగ” అనే మాట తరచూ వినిపిస్తుంది. టీకా అంటే బలం తీసేసిన రోగక్రిమి. దాన్ని చూసి పిల్ల శరీరం సొంత కాపలా తయారుచేసుకోవాలి. తల్లి ఇచ్చిన కాపలాదారులు ఇంకా గట్టిగా ఉంటే, టీకాను కూడా శత్రువే అనుకుని గుమ్మంలోనే పట్టి చంపేస్తారు. ఇంటివాళ్లకు దొంగ ముఖం చూసే అవకాశమే రాదు. పోనీ తల్లి కాపలా పూర్తిగా తరిగేదాకా ఆగుదామంటే, ఆ లోపల అసలు రోగమే రావచ్చు. మధ్యలో కొన్ని రోజులు మరీ ప్రమాదకరం. తల్లి ఇచ్చిన బలం అసలు వైరస్‌ను ఆపడానికి చాలదు, టీకాను చెడగొట్టడానికి మాత్రం సరిపోతుంది.

ఆ రోజులు ఏ పిల్లకు ఎప్పుడు వస్తాయో బయటికి తెలియదు. అందుకే ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో టీకా మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకు ఒకసారి చొప్పున పదహారో వారం దాకా మళ్లీ మళ్లీ వేస్తారు. వాటిలో ఏదో ఒకటి సరైన వేళకు తగులుతుంది. మొదటిది వేయించి ఆగిపోవడం అంటే చేను దున్ని విత్తనం వేయకుండా వదిలేయడమే.

ఈ టీకా కాపాడేది ముఖ్యంగా పార్వో, డిస్టెంపర్ అనే రెండు వైరస్‌ల నుంచి. పార్వో పాత రోగం కాదు. 1978 ప్రాంతంలో బయటపడి, రెండేళ్లలో ప్రపంచమంతా చుట్టేసింది. పిల్లులకు వచ్చే ఒక వైరస్‌కు ఇది దగ్గరి బంధువు. ఇది పేగు లోపలి పొరను దెబ్బతీస్తుంది. మట్టిగోడ వానకు కరిగితే మళ్లీ మళ్లీ అలుకుతూ నిలబెట్టుకున్నట్టు, పేగు పొర కూడా కొద్ది రోజులకు ఒకసారి కొత్త కణాలతో తిరిగి అలుక్కుంటుంది. పార్వో ఆ కొత్త కణాలు పుట్టే చోటునే చంపుతుంది. పాత పూత రాలిపోతుంది, కొత్త పూత పడదు. పేగు గోడ పచ్చిపుండై నెత్తురు, నీరు కారిపోతాయి. అదే సమయంలో ఎముక మూలుగలో తెల్లకణాల తయారీ కూడా దెబ్బతింటుంది కాబట్టి, పేగులోని మామూలు సూక్ష్మజీవులే రక్తంలోకి చేరి ప్రాణం తీస్తాయి. వాంతులు, విరేచనాలు మొదలైన పిల్లకు సెలైన్ ఎక్కించి నీటిని భర్తీ చేయడమే ప్రధాన చికిత్స. ఆ పని గంటల్లో జరగాలి.

పార్వో వైరస్‌కు పైన కొవ్వు తొడుగు ఉండదు. సబ్బు నీళ్లు, ఎండ మీద పడితే చాలా వైరస్‌లు చస్తాయి. ఇది మాత్రం నేలలో నెలల తరబడి బతుకుతుంది. పోయిన పిల్ల పడుకున్న గోనె మీదే కొత్త పిల్లను పడుకోబెడితే, మాఘంలో పోయిన పిల్ల రోగం వైశాఖంలో వచ్చిన పిల్లకు అంటుకుంటుంది. గోనెను తగలబెట్టాలి. నేలను బ్లీచింగ్ పౌడరు నీళ్లతో కడగాలి. ఆ ఇంటికి టీకాలు పూర్తయిన పిల్లనే తేవాలి.

తల్లి కడుపులోనే పడే నట్టలు

టీకాలు అందినా పిల్ల ఎదగకపోవడానికి ఒక కారణం కడుపులో పురుగులు. పొట్ట కుండలా ఉబ్బి, వీపు ఎముకలు కనిపించే పిల్లను చూసి “బాగా తింటోంది” అనుకోవడం పెద్ద పొరపాటు. ఆ తిండి తింటున్నది వేరే జీవి.

పాలు తప్ప ఏమీ తాగని రెండు వారాల పిల్లకు పురుగులు ఎలా వచ్చాయి? ఏలిక పాము జాతి నట్టల పిల్లపురుగులు తల్లికుక్క కండరాల్లో నిద్రపోతున్నట్టు ఏళ్ల తరబడి ఉండగలవు. తల్లి ఆరోగ్యంగానే కనిపిస్తుంది. గర్భం నిండే వేళ శరీరంలో జరిగే మార్పులు వాటిని మేల్కొలుపుతాయి. అవి మాయ దాటి, పుట్టబోయే పిల్లల్లోకి వెళ్తాయి. కొంకిపురుగులు పాల ద్వారా చేరతాయి. ఇవి పేగు గోడను కరిచి నెత్తురు తాగుతాయి. పిల్ల పెదవి ఎత్తి చూస్తే గులాబీ రంగులో ఉండాల్సిన చిగురు కాగితంలా పాలిపోయి ఉంటుంది. అందుకే నట్టల మందు పిల్లకు రెండు వారాల వయసులోనే మొదలవుతుంది. మూడు నెలల వరకు పదిహేను రోజులకొకసారి, ఆరు నెలల వరకు నెలకొకసారి, ఆ తర్వాత మూడు నెలలకొకసారి ఇవ్వాలి. తల్లికి కూడా ఇవ్వాలి. మోతాదు బరువును బట్టి ఉంటుంది కనుక మేకల మందు అందాజుగా పోయకూడదు.

ఏలిక పాము జాతి నట్టల గుడ్లు మలంలో బయటపడిన వెంటనే ప్రమాదకరం కావు. మట్టిలో రెండు మూడు వారాలు మగ్గాక మాత్రమే అంటుకునే స్థితికి వస్తాయి. ఆ తర్వాత ఏళ్ల తరబడి బతుకుతాయి. మట్టిలో ఆడుకున్న పిల్లాడి గోళ్ల ద్వారా కడుపులోకి పోతే కాలేయంలో, ఒక్కోసారి కంట్లో చేరతాయి. వాకిట్లో కుక్క మలాన్ని ఏ రోజుకారోజు తీసి గొయ్యిలో పూడిస్తే ఆ రెండు మూడు వారాల గడువు వాటికి దొరకదు. ఒక పార, నిమిషం పని. ఇంత చౌక వైద్యం ఇంకొకటి లేదు.

మరో పురుగు గురించి పండుగ చేసే ప్రతి ఊరూ తెలుసుకోవాలి. కుక్క పేగులో బియ్యపు గింజంత కూడా ఉండని ఒక బద్దెపురుగు ఉంటుంది. దాని గుడ్లు గడ్డి మీద పడి మేక, గొర్రె కడుపులోకి వెళ్తాయి. అక్కడ కాలేయంలోనో ఊపిరితిత్తుల్లోనో నీటి తిత్తులు పెరుగుతాయి. జాతరకు మేకను కోసి, నీటి బుడగలున్న కాలేయాన్ని మనిషి తినడానికి పనికిరాదని కుక్కకు విసిరేస్తారు. తిత్తిలోని వందలాది పిల్లపురుగులు మళ్లీ కుక్క పేగులో పెద్దవవుతాయి. చక్రం పూర్తయింది. ఈ చక్రంలో మనిషి చొరబడితే, అంటే ఆ గుడ్లు చేతుల ద్వారా నోట్లో పడితే, మేకకు వచ్చిన తిత్తే మనిషి కాలేయంలోనూ పెరుగుతుంది. దాన్ని తొలగించడానికి చాలాసార్లు ఆపరేషన్ కావాలి. చెడిన అవయవాలను బాగా ఉడికించి పెట్టడం, లేదా కుక్క తవ్వలేనంత లోతులో పూడ్చడం ఈ చక్రాన్ని అక్కడికక్కడే తెంపేస్తుంది.

చోడి అంబలితో కుక్క ఎలా బతుకుతుంది?

తోడేలు మాంసాహారి. కుక్క తోడేలు వంశంలోంచే వచ్చింది. మరి కొండ మీద కుక్క చోడి అంబలి తాగి ఎలా బతుకుతోంది? ఈ ప్రశ్నకు 2013లో స్వీడన్ శాస్త్రవేత్తలు జన్యువుల్లో జవాబు చూపించారు. గింజల్లోని పిండిపదార్థాన్ని విడగొట్టే రసం తయారుచేసే జన్యువు తోడేలులో రెండు ప్రతులే ఉంటుంది. కుక్కల్లో చాలా వాటికి అదే జన్యువు అనేక ప్రతులుగా పెరిగింది. ఒక రోలు ఉన్న ఇంటికీ పది రోళ్లున్న ఇంటికీ ఉన్న తేడా ఇది. మనిషి వ్యవసాయం నేర్చి గింజలు వండుకుంటున్న కాలంలో, ఆ ఇంటి మిగులు అరిగించుకోగలిగిన కుక్కలే ఎక్కువగా నిలిచాయి. కుక్క పొట్ట మనిషి పొయ్యి పక్కనే తయారైందన్నమాట.

అంబలి అరుగుతుంది. కానీ అంబలి ఒక్కటే చాలదు. కండ కట్టడానికి మాంసకృత్తులు కావాలి. ముఖ్యంగా ఎదిగే పిల్లకు, పాలిచ్చే తల్లికి. ఉడికించిన గుడ్డు, చేప తలలు, కోడి పేగులు బాగా ఉడకబెట్టి అంబలిలో కలిపితే ఖరీదైన డబ్బా తిండి అవసరం లేకుండానే పని నడుస్తుంది. మనుషుల కూరలోని ఉల్లి, వెల్లుల్లి మాత్రం కుక్కకు విషం. వాటిలోని గంధక పదార్థాలు కుక్క ఎర్రకణాలను దెబ్బతీసి పగిలిపోయేలా చేస్తాయి. ఒక్క పూట తిన్నది కనిపించకపోయినా, రోజూ తింటే నెత్తురు తగ్గుతుంది. చాక్లెట్, ద్రాక్ష, కిస్‌మిస్ కూడా పెట్టకూడదు. జ్వరం మాత్రలు మనిషికి మేలు చేసినా కుక్క కాలేయాన్ని పాడుచేస్తాయి. కోడి ఎముక పచ్చిదైతే వంగుతుంది, ఉడికితే పుల్లలా చీలి పేగులో గుచ్చుకుంటుంది.

చర్మం సంగతీ ఇక్కడే చెప్పుకోవాలి. గజ్జి పట్టిన కుక్కకు లారీల నుంచి తీసిన నల్ల ఇంజన్ ఆయిల్ పూసే అలవాటు ఉంది. గజ్జి తెచ్చేది చర్మంలో సొరంగాలు తవ్వే సూక్ష్మమైన పురుగు. ఆయిల్ దానికంటే ముందు కుక్కనే చంపవచ్చు, ఎందుకంటే కుక్క ఒళ్లు నాకుతుంది. పిడుదులకు పశువుల మందు లెక్క లేకుండా పూయడమూ అంతే. కుక్క పిడుదు ఒక్కటే గోడ నెర్రెల్లో వేల గుడ్లు పెడుతుంది కనుక, కుక్క ఒంటి మీద ఎన్ని ఏరినా పడుకునే చోటు శుభ్రం చేయకపోతే మళ్లీ ఎక్కుతాయి. అవి నెత్తురు తాగడంతో ఆగవు, రక్తకణాల్లో చేరి జ్వరం తెచ్చే క్రిములను కూడా ఎక్కిస్తాయి.

చెమట పట్టని ఒళ్లు, విప్పని గొలుసు

మనిషి ఒళ్లంతా చెమట పట్టి చల్లబడుతుంది. కుక్కకు చెమట గ్రంథులు పాదాల అడుగున తప్ప పనికొచ్చే చోట లేవు. అది నాలుక చాపి రొప్పుతుంది. నోటి తడి ఆవిరవుతూ వేడిని తీసుకుపోతుంది. తడి కావాలంటే నీళ్లు కావాలి. మధ్యాహ్నానికి ఎండిపోయే డొక్కు గిన్నె పక్కన రేకు కింద కట్టేసిన కుక్కకు చల్లబడే దారి లేదు. కుక్క మామూలు వేడే 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ వరకు ఉంటుంది. 106 దాటితే మెదడు, మూత్రపిండాలు దెబ్బతింటాయి. తూలుతూ, నురగ కక్కుతూ పడిపోతే నీడకు చేర్చి మామూలు నీళ్లతో తడిపి, విసరాలి. పట్నాల నుంచి తెచ్చే చప్పిడిముక్కు పగ్ జాతికి ముక్కు దారే ఇరుకు, రొప్పినా చాలినంత గాలి ఆడదు. ఎండాకాలం ఉడికిపోయే మైదానపు ఊళ్లకు ఆ జాతిని, దట్టమైన బొచ్చున్న జాతులను తేవడం వాటిని హింసించడమే. దేశవాళీ పిల్ల ఈ నేలకు తగిన ఒంటితోనే పుడుతుంది.

గొలుసు సంగతి కొంచెం వివరంగా చూడాలి. మనిషి ముక్కులో వాసన పట్టే కణాలు 50, 60 లక్షలైతే కుక్క ముక్కులో 20 కోట్లకు పైనే. వీధి చివరిదాకా ఒక నడక దానికి ముక్కుతో తిరిగే సంత: ఎవరొచ్చారు, ఎవరెళ్లారు, ఏ కుక్కకు జబ్బు చేసింది అన్నీ అక్కడే తెలుస్తాయి. మూరెడు గొలుసుకు రోజంతా కట్టేస్తే ఆ లోకం మొత్తం మూసుకుపోతుంది. దగ్గరకొచ్చిన ప్రతిదీ ప్రమాదంలా తోస్తుంది, పారిపోయే దారి ఉండదు. పారిపోలేని జంతువుకు మిగిలేది కరవడమే. కట్టేస్తే కుక్క “చురుగ్గా” తయారవుతుందన్న నమ్మకం వెనక జరిగేది ఇదే. అది కాపలా కాదు, భయం. 1960 నాటి జంతు హింసా నివారణ చట్టం నిత్యం కట్టేసి ఉంచే కుక్కను తగినంత తిప్పకపోవడాన్ని నేరంగా ప్రత్యేకంగా పేర్కొంది. తిండి, నీరు, నీడ ఇవ్వకపోవడం, ఊరి బయట వదిలేసి రావడం కూడా అదే చట్టం కిందికి వస్తాయి.

కుక్క స్వభావం చాలావరకు స్థిరపడేది మూడో వారం నుంచి పన్నెండు, పద్నాలుగో వారం లోపు. ఆ రోజుల్లో చూసిన మనుషులు, పిల్లలు, కోళ్లు, బండి చప్పుళ్లు దానికి జీవితాంతం మామూలు విషయాలవుతాయి. ఆ కిటికీ మూసుకున్నాక కొత్తవన్నీ అనుమానాలే. అందుకే తల్లి నుంచి ఎనిమిది వారాల లోపు విడదీయకూడదు, ఆ తర్వాత ఇంట్లో చీకటి మూల కట్టేయకూడదు. గుర్రుమన్నందుకు కొట్టడం కూడా తప్పే. కుక్క కరిచే ముందు బిగుసుకుంటుంది, చూపు తిప్పుకుంటుంది, కంటి తెలుపు చూపుతుంది, ఆ తర్వాత గుర్రుమంటుంది. గుర్రు ఒక హెచ్చరిక. దాన్ని కొట్టి మాన్పిస్తే కుక్క శాంతించదు, హెచ్చరిక లేకుండా కరవడం నేర్చుకుంటుంది.

ఘాట్ ఎక్కే వైరస్

రేబిస్ గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా: ప్రపంచంలో ఏటా 59 వేల మరణాలు, వాటిలో మూడో వంతుకు పైగా భారత్‌లో. మనుషులకు వచ్చే రేబిస్‌లో నూటికి 99 వరకు కుక్కల నుంచే. కాటు పడినవారిలో నూటికి 40 మంది పదిహేనేళ్ల లోపు పిల్లలు. లక్షణాలు కనిపించాక దాదాపు ఎవరూ బతకరు. ఇంత ఘోరమైన రోగాన్ని కాటు పడ్డాక కూడా ఆపవచ్చు. ఎందుకో తెలియాలంటే వైరస్ నడిచే దారి చూడాలి.

చాలా రోగాలు రక్తంలో పరుగెత్తుతాయి. రేబిస్ రక్తాన్ని ముట్టుకోదు. కాటు పడిన కండరంలో నిలిచి, అక్కడి నరం కొసను పట్టుకుని, నరం లోపల నుంచే వెన్నుపాముకు, అక్కడి నుంచి మెదడుకు ఎక్కుతుంది. సాలూరు నుంచి సుంకికి ఘాట్ ఎక్కే లారీలా దాని నడక నెమ్మది. రోజుకు సెంటీమీటర్లలో లెక్క. పిక్క మీద కాటు పడితే కొండ అడుగున మొదలైనట్టు, ముఖం మీద పడితే సగం కొండ ఎక్కేసినట్టు. సాధారణంగా రెండు మూడు నెలలు పడుతుంది, వారంలోనూ రావచ్చు, ఏడాదైనా పట్టవచ్చు. నరంలోకి దూరాక శరీరపు కాపలా దాన్ని చూడలేదు. టీకా పని, వైరస్ రోడ్డెక్కక ముందే చెక్‌పోస్టు పెట్టడం. అయితే టీకాతో సొంత ప్రతిరక్షకాలు తయారవడానికి వారం పైగా పడుతుంది. లోతైన గాయాల్లో ఆ వారాన్ని కాపాడటానికి గాయం చుట్టూ తయారైన ప్రతిరక్షకాలను, అంటే ఇమ్యునోగ్లోబ్యులిన్‌ను, ఎక్కిస్తారు. ముర్రుపాలలో చూసిన అప్పు కాపలా లాంటిదే ఇది.

వైరస్ మెదడుకు చేరాక కిందికి దిగి లాలాజల గ్రంథుల్లో చేరుతుంది. కుక్క లాలాజలంలో వైరస్ వచ్చిందంటే మెదడు అప్పటికే దెబ్బతిన్నట్టు. అలాంటి కుక్క పది రోజుల్లో చనిపోతుంది. పది రోజులు కుక్కను గమనించమనే సలహా అక్కడి నుంచి వచ్చింది. గమనిస్తూ టీకా ఆపమని దాని అర్థం కాదు. టీకా మొదటి రోజే మొదలుపెట్టాలి. రేబిస్ వచ్చిన కుక్కలన్నీ వీధుల్లో పరుగెత్తి కరవవు. కొన్ని దవడ వేలాడేసి, చొంగ కారుస్తూ మూల పడుకుంటాయి. గొంతులో ఎముక ఇరుక్కుందనుకుని నోట్లో చేయి పెట్టినవారు ప్రాణం మీదికి తెచ్చుకుంటారు.

*పెట్టె: కాటు పడిన తొలి గంట*

*గాయాన్ని ధారగా పడే నీటి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. రేబిస్ వైరస్‌కు కొవ్వు తొడుగు ఉంటుంది, సబ్బు ఆ తొడుగును కరిగించి చంపుతుంది. వాగు నీరు, బట్టల సబ్బు ఉన్నా చాలు. డోలీలో మోసుకుపోవాల్సిన గూడెంలో ఈ పదిహేను నిమిషాలే తొలి వైద్యం. సున్నం, కారం, పసుపు, ఆకు పసరు రాయకూడదు, ఇవి గాయాన్ని రేపి వైరస్‌ను నరాల వైపు తోస్తాయి. వెంటనే కట్టు కట్టకూడదు, కుట్లు వేయించడం వైద్యుడి నిర్ణయానికి వదలాలి. చర్మం పొరల్లోకి వేసే టీకా 0, 3, 7, 28 రోజుల్లో చేతికి వేస్తారు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఇది ఉచితం. ఒక్క మోతాదు కూడా మానకూడదు.*

బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులన్న భయంతో ఇప్పటికీ కొందరు ఆసుపత్రికి వెళ్లరు. అది గొర్రె మెదడు కణజాలంతో చేసిన పాత టీకా. మన దేశంలో 2004 చివరికి దాని తయారీ నిలిచిపోయింది. ఒకప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో చికిత్సకు నీలగిరుల్లోని కూనూరులో 1907లో పెట్టిన పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్ దాకా పోవాల్సి వచ్చేది. ఇప్పుడు టీకా ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికే వచ్చింది. అయినా దూరం దూరమే. కొండ మీద ఊళ్లకు అసలైన రక్షణ కుక్కకు ముందే వేయించిన టీకా. ఒక ప్రాంతంలో నూటికి 70 కుక్కలకు టీకా పడితే, జబ్బు కుక్క కరిచిన వాటిలో ఎక్కువ భాగం రోగాన్ని ముందుకు పోనివ్వవు, గొలుసు తెగిపోతుంది. కుక్కకు మూడు నెలలు నిండాక మొదటి టీకా, నెల తర్వాత ఒకటి, ఆపై ఏడాదికొకటి. 2030 నాటికి కుక్కల ద్వారా వచ్చే రేబిస్‌ను లేకుండా చేయాలని కేంద్రం 2021లో జాతీయ ప్రణాళిక ప్రకటించింది. అది నెరవేరడం వాకిట్లో కుక్కలకు పడే టీకా మీదే ఆధారపడి ఉంది.

ఈతలు, ఆపరేషన్

ఆడకుక్క సాధారణంగా ఏడాదికి రెండుసార్లు ఎదకు వస్తుంది. ఈనిన పిల్లలను పెంచలేక సంచిలో కట్టి ఘాట్ రోడ్డు మలుపులో వదిలేయడం కన్నా, పుట్టకుండా చూడటం దయ. శస్త్రచికిత్స లాభం సంఖ్య తగ్గడంతో ఆగదు. ఎద పోయాక, గర్భం లేకపోయినా, సుమారు రెండు నెలలు గర్భపు హార్మోను శరీరంలో ఎక్కువగానే ఉంటుంది. గర్భసంచి గోడ ప్రతిసారీ మందమవుతూ పోతుంది. అక్కడ సూక్ష్మజీవులు చేరితే చీము నిండి కుక్క చనిపోవచ్చు. గర్భసంచి, అండాశయాలు తీసేస్తే ఆ జబ్బుకు తావే ఉండదు, రొమ్ము గడ్డల ముప్పు కూడా తగ్గుతుంది.

జతకట్టడంతో అంటుకునే మరో వింత రోగం ఉంది. వేల ఏళ్ల కిందట ఒక కుక్కలో పుట్టిన కేన్సర్ కణాలు, ఆ కుక్క చచ్చిపోయినా, కుక్క నుంచి కుక్కకు అంటుకుంటూ నేటికీ బతికే ఉన్నాయి. జననాంగం దగ్గర గోబీ పువ్వులా నెత్తురోడే గడ్డగా కనిపించేది అదే. వారానికో ఇంజెక్షన్‌తో చాలావరకు నయమవుతుంది కనుక అలాంటి కుక్కను తరిమేయకుండా పశువైద్యుడికి చూపించాలి.

ఊరకుక్కలను చంపితే సమస్య తీరుతుందనుకోవడం పొరపాటు. ఖాళీ అయిన చోటుకు, అక్కడి చెత్త మీద బతకడానికి, టీకా లేని కొత్త కుక్కలు పక్క ఊరి నుంచి వస్తాయి. అందుకే 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమాలు ఆపరేషన్ చేసి, టీకా వేసి, పట్టిన చోటే వదలమంటున్నాయి. పెంపుడు కుక్కకు ఆ పని చేయించే బాధ్యత యజమానిదే.

అడవి అంచున

పాచిపెంటలో కుక్క ఇంటికీ అడవికీ మధ్య తిరుగుతుంది. ఇంటి రోగం అడవికి పోయే దారి అదే. 1994లో ఆఫ్రికాలోని సెరెంగెటిలో దాదాపు మూడో వంతు సింహాలు డిస్టెంపర్‌తో చనిపోయాయి. చుట్టుపక్కల ఊళ్ల కుక్కల్లో ఉన్న వైరసే అక్కడికి చేరిందని తేల్చారు. 2018లో గిర్ అడవిలో కొద్ది వారాల్లో 20కి పైగా ఆసియా సింహాలు పోయినప్పుడు, వాటిలో కొన్నింటిలో అదే వైరస్ దొరికింది. తూర్పు కనుమల్లో చిరుతకైనా రేచుకుక్కకైనా ఆ ముప్పు ఉంది. చైత్రమాసపు పండుగ వేటకైనా కుక్కలతో వన్యప్రాణిని తరిమి పట్టడం 1972 నాటి వన్యప్రాణుల సంరక్షణ చట్టం కింద వేటే అవుతుంది. రాత్రి కుక్కను బయట కట్టేస్తే అది చిరుతకు ఎర అవుతుంది. కట్టు లేకుండా ఇంటి లోపలో, తలుపున్న శాలలోనో పడుకోబెట్టాలి.

పెంపుడు కుక్క సరిగా చూసుకుంటే పది పన్నెండేళ్లు బతుకుతుంది. పిల్లను తెచ్చే ముందు ఆ ఏళ్లన్నీ లెక్కలోకి తీసుకోవాలి. ముసలితనంలో పళ్లు రాలి, చూపు మందగించిన కుక్కకు మెత్తని తిండి పెట్టి కాపాడాల్సిందీ, అది జీవితమంతా కాపలా కాసిన ఇల్లే.

1885 జులై 6న పారిస్‌లో లూయీ పాశ్చర్, పిచ్చికుక్క కరిచిన తొమ్మిదేళ్ల జోసెఫ్ మీస్టర్‌కు రేబిస్ టీకా మొదటిసారి ఇప్పించి బతికించాడు. ఆ రోజు గుర్తుగా జులై 6ను ప్రపంచ జూనోసిస్ దినంగా పాటిస్తారు. ఏటా ఆ రోజున మన రాష్ట్రంలో పశువైద్యశాలల్లో కుక్కలకు రేబిస్ టీకా ఉచితంగా వేస్తారు. పుష్యంలో పుట్టి ఉగాది దాటిన పిల్లకు అప్పటికి టీకా వయసు వచ్చే ఉంటుంది. మెడకు మెత్తని తాడు కట్టి అక్కడికి నడిపించుకెళ్లండి.